పొగమంచులో గొంతులు

జులై నెల మధ్యాహ్నం. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దక్షిణపు కొస కింద, ఫోర్ట్ పాయింట్ పాత కోట గోడ పక్కన నిలబడి ఉన్నాం. వంతెన చూద్దామని వస్తే వంతెన లేదు. నీళ్లలోంచి లేచిన ఎర్రటి స్తంభం కొంత ఎత్తు దాకా కనిపించి, ఆపైన తెల్లటి పొగమంచులో కరిగిపోయింది. కార్లు దిగినవాళ్లు ఫోన్లు పైకెత్తి, ఫొటోకి ఏమీ దొరక్క, మళ్లీ కార్లెక్కుతున్నారు. మా అమ్మాయి శాలువా బిగించుకుంటూ, "నాన్నా, ఏమీ కనపడట్లేదు. రేపు వద్దామా?" అంది.

నా చేతిలో అరచేయంత రేడియో రిసీవర్ ఉంది. దాని తీగ చెవిలో ఉంది. "ఉండమ్మా, ఓడ ఒకటి లోపలికి వస్తోంది" అన్నాను.

సముద్రంలోంచి వస్తున్న ఆ సరుకుల ఓడ తన పేరు, ఎక్కడున్నదీ, ఏ రేవుకు వెళ్తున్నదీ చెప్పింది. బే మధ్యలోని యెర్బా బ్యూనా దీవి మీద కోస్ట్ గార్డ్ నడిపే నౌకా రాకపోకల కేంద్రం ఉంది. ఎదురుగా ఏ ఓడలు బయల్దేరాయో, ఏ టగ్గు ఏ బార్జిని లాగుతోందో, ఫెర్రీ ఎప్పుడు అడ్డం దాటుతుందో ఆ కేంద్రం నుంచి ఒక గొంతు తాపీగా చెప్పింది. పైన వంతెన మీద బూరలు మోగుతూనే ఉన్నాయి. దక్షిణ స్తంభం దగ్గరిది ఒక శ్రుతి, వంతెన నడుమది ఇంకో శ్రుతి. 1937లో వంతెన తెరిచిన నాటి నుంచీ పొగమంచు రోజుల్లో అవి అలా మోగుతూనే ఉన్నాయి. కాసేపటికి మంచులో ఒకచోట నలుపు చిక్కబడి, గోడలా సాగి, మా ముందు నుంచి పెద్ద చప్పుడేమీ లేకుండా వెళ్లిపోయింది. చుట్టుపక్కల ఇంకెవరికీ అది వస్తుందని తెలియదు.

విహారయాత్రలకు వెళ్లినప్పుడు నేను చిన్న రిసీవర్ ఒకటి సంచిలో వేసుకుంటాను. ఊరిని కళ్లతో చూస్తే దృశ్యం దొరుకుతుంది. రేడియోలో వింటే ఆ దృశ్యంలో పని చేస్తున్న మనుషులు దొరుకుతారు. అమెరికా తీరాల్లో ఈ వినికిడికి మంచి వీలుంది. ఓడలు, విమానాలు, రైళ్లు, వాతావరణ శాఖ మాట్లాడుకునే మాటల్లో ఎక్కువ భాగం రహస్యం లేకుండా గాల్లోనే ఉంటుంది. ఏ గొంతు ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ పద్ధతిలో పలుకుతుందో గమనిస్తూ పోతే, ప్రతిదాని వెనకా ఒక భౌతికశాస్త్ర సూత్రమూ, చాలాచోట్ల ఒక ప్రమాదమూ కనిపిస్తాయి.

ఆ రోజు నేను వింటున్నది నౌకల వీహెచ్ఎఫ్ పద్నాలుగో ఛానల్, అంటే 156.7 మెగాహెర్ట్జ్. ఆపదలో పిలిచేందుకూ, ముందుగా ఒకరినొకరు పలకరించుకునేందుకూ ప్రపంచమంతటా పదహారో ఛానల్ ఉంది, అది 156.8. అమెరికా జలాల్లో ఎదురెదురుగా వచ్చే రెండు ఓడల సారథులు నేరుగా మాట్లాడుకునేది పదమూడులో. ఆ పదమూడుకు ఈ వంతెనతో సంబంధం ఉంది. 1971 జనవరి 18 వేకువన, సరిగ్గా ఇలాంటి పొగమంచులో, ఒకే కంపెనీకి చెందిన అరిజోనా స్టాండర్డ్, ఒరెగాన్ స్టాండర్డ్ అనే రెండు చమురు ఓడలు ఈ వంతెన దాపులోనే గుద్దుకున్నాయి. దాదాపు 8 లక్షల గ్యాలన్ల చమురు, అంటే సుమారు 30 లక్షల లీటర్లు, నీళ్లలో కలిసింది. నల్లటి చమురు అంటుకున్న పక్షుల్ని ఊరి జనం చేతుల్తో కడిగారు. ఓడ నడిపేచోటు నుంచి ఎదుటి ఓడ సారథితో నేరుగా మాట్లాడే రేడియో ఉండి తీరాలన్న చట్టం అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. మరుసటి ఏడాది ఇక్కడి రాకపోకల కేంద్రం మొదలైంది.

మాట ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పుతుందని కాదు. 2007 నవంబరు 7న కోస్కో బుసాన్ అనే కంటైనర్ ఓడ ఓక్లాండ్ నుంచి బయల్దేరింది. దట్టమైన పొగమంచు. ఓడ దారి తప్పుతున్నట్టు కేంద్రంలోని తెర మీద కనిపించి, అక్కడివారు ఓడకు దారి చూపే పైలట్‌ను రేడియోలో అడిగారు. ఫలానా స్తంభాల మధ్య నుంచే వెళ్తానని ఆయన బదులిచ్చాడు. కొద్దిసేపటికే ఓడ బే బ్రిడ్జి స్తంభం రక్షణ కట్టడాన్ని ఒరుసుకుపోయింది. 2 లక్షల లీటర్ల ఇంధనం బేలోకి కారింది. అడిగారు, జవాబు వచ్చింది. కానీ ఇద్దరి మనసుల్లోనూ ఉన్న పటం ఒకటి కాదు. ఈ సంగతి తెలిశాక పద్నాలుగో ఛానల్‌లో వినిపించే ప్రతి చిన్న ప్రశ్నా, ప్రతి చిన్న మౌనమూ నాకు వేరేగా వినిపిస్తాయి.

మర్నాడు ఎండ కాసింది. ఊరి నడుమ ఉన్న ట్విన్ పీక్స్ కొండ ఎక్కాం. అక్కడ రేడియో పెట్టగానే, కింద గంటకోసారి పలికినది ఇక్కడ ఎడతెగకుండా పలికింది. వీహెచ్ఎఫ్ తరంగాలు, అంటే సుమారు రెండు మీటర్ల పొడవున్నవి, దాదాపు చూపులాగే నేరుగా పోతాయి. భూమి గుండ్రంగా వంగింది కాబట్టి కొంత దూరం పోయాక అవి నేలను విడిచి పైకి వెళ్లిపోతాయి. ఎంత దూరం అన్నదానికి చేతివేళ్ల మీద కట్టగలిగిన లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. ఇసుకలో నిలబడి రెండు మీటర్ల ఎత్తున రిసీవర్ పట్టుకుంటే ఆరు కిలోమీటర్లు కూడా రాదు. ట్విన్ పీక్స్ ఎత్తు సుమారు 280 మీటర్లు. 69 కిలోమీటర్లు వస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికైతే 412. మాట్లాడేవారి దిగంతం, వినేవారి దిగంతం రెండూ కలుపుకోవాలి. అందుకే ఇంటి పెరట్లో కూర్చున్నవారికి నాలుగు వందల కిలోమీటర్ల అవతలి విమానం వినిపించవచ్చు గానీ, కొండ చాటునున్న పడవ వినిపించదు. ఓడల్లో ఈ రేడియోల శక్తి 25 వాట్లు. మన పాతకాలపు చిన్న బల్బు పాటి. దూరాన్ని తేల్చేది చాలాసార్లు శక్తి కాదు, యాంటెన్నా ఎత్తు.

ఈ లెక్కకు లొంగని రోజులుంటాయి. అందులో ఈ తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. కాలిఫోర్నియా తీరం వెంట సముద్రం వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. అడుగునుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంటుంది. దాని మీది గాలి చల్లబడి, తేమతో నిండి, పొగమంచవుతుంది. ఆపైన పసిఫిక్ అధిక పీడన వలయం నుంచి దిగే గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చలి పెరగాలి. ఇక్కడ కింద చలి, పైన వెచ్చదనం. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. తేమ నిండిన చల్లగాలి తరంగాన్ని ఎక్కువగా వంచుతుంది, పొడి వెచ్చగాలి తక్కువ. ఈ రెండూ కలిసే సరిహద్దు దగ్గర, పైకి పోవాల్సిన రేడియో తరంగం కిందికి వంగుతుంది. వంపు భూమి వంపుతో సరితూగితే తరంగం బయటికి పోలేక, గట్ల మధ్య నీళ్లలా, సముద్రం మీదుగా వందల కిలోమీటర్లు పారుతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద ఎండమావి కనిపించేదీ ఇలాంటి వంపు వల్లే. కాకపోతే అక్కడ వేడి కింద, చల్లదనం పైన కాబట్టి వెలుగు పైకి వంగుతుంది.

కాలిఫోర్నియా నుంచి హవాయి దాకా వేసవిలో అప్పుడప్పుడు ఇలాంటి గాలికాలువ ఏర్పడుతుంది. 1957 జులైలో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ఒకరు, హవాయిలో ఒకరు, ఇద్దరు హామ్ రేడియో ఔత్సాహికులు 144 మెగాహెర్ట్జ్‌లో ఒకరినొకరు విన్నారు. మధ్యలో నాలుగు వేల కిలోమీటర్ల సముద్రం. దిగంతం లెక్క ప్రకారం అది జరగకూడదు. దాన్ని సాధించడానికి ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి ప్రయత్నించారు.

నన్ను బాగా కదిలించిన విషయం ఇదే. ఓడల కళ్లు మూసేది పొగమంచు. ఆ పొగమంచును కిందే పట్టి ఉంచే వెచ్చటి మూతే గొంతుల్ని దూరానికి మోసుకెళ్తుంది. మన ధనుష్కోటిలో నిలబడి చిన్న ఎఫ్‌ఎం రేడియో తిప్పినవారికి శ్రీలంక పాటలు వినిపించడంలో పెద్ద వింత లేదు. తలైమన్నారు ముప్పై కిలోమీటర్ల లోపే. కానీ గాలి నిలకడగా ఉన్న కొన్ని సాయంత్రాలు, మామూలుగా దొరకని దూరపు స్టేషన్లు కూడా పలికితే, అది సముద్రం మీది గాలి పొరల పనే కావచ్చు. మనవైపు తీరాలకు వెళ్లేవారు జేబులో రేడియో పెట్టుకుని తప్పకుండా ప్రయత్నించాలి. ఖర్చులేని ప్రయోగం.

విమానాల సంగతికి వస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం పక్కనే మిల్‌బ్రేలో బే ఒడ్డున చిన్న పార్కు ఉంది. విమానాలు చూడటానికి చాలామంది పిల్లల్ని తీసుకుని వస్తారు. ఇక్కడ పక్కపక్కనే సాగే రెండు రన్‌వేల మధ్య దూరం 750 అడుగులే. ఎండగా ఉన్న రోజు రెండు విమానాలు జంటగా దిగుతుంటే కళ్లు తిప్పుకోలేం. టవర్ మాటలు 120.5 మెగాహెర్ట్జ్‌లో వస్తాయి. వింటుంటే మా మనవడు అడిగాడు: "తాతయ్యా, ఇది ఎఫ్‌ఎం పాటలంత క్లియర్‌గా ఎందుకు లేదు?"

మంచి ప్రశ్న. ప్రపంచంలో రేడియో వాడకాలు చాలావరకు ఎఫ్‌ఎంలోకో డిజిటల్‌లోకో మారిపోయాక కూడా విమానాలు, టవర్లు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పాత ఎ.ఎం. పద్ధతిలోనే మాట్లాడుకుంటున్నాయి. ఎఫ్‌ఎం రిసీవర్ గుణం ఏమిటంటే, ఒకే ఛానల్‌లో ఇద్దరు మాట్లాడితే బలమైన గొంతును పూర్తిగా పట్టుకుని బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. మింగినట్టు వినేవారికి తెలియను కూడా తెలియదు. ఎ.ఎం.లో అలా కాదు. రెండు తరంగాలూ కలుస్తాయి, వాటి ఫ్రీక్వెన్సీల్లో ఉన్న చిన్న తేడా ఈలలా కూస్తుంది. మాటలు చెదిరిపోవచ్చు గానీ, ఇంకెవరో కూడా మాట్లాడారన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఆ ఈల విలువ ఎంతటిదో 1977 మార్చి 27న టెనెరిఫే దీవి విమానాశ్రయంలో ప్రపంచం చూసింది. అక్కడా మబ్బే, రన్‌వేను కమ్మేసింది. కె.ఎల్.ఎం. సంస్థ జంబో విమానం ఒక చివర ఎగరడానికి సిద్ధంగా ఉంది. పాన్‌యామ్ జంబో అదే రన్‌వే మీద ఇంకా నడుస్తోంది. ఆగమని టవర్, ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్‌యామ్, ఇద్దరూ ఒకే క్షణంలో పలికారు. కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో 'సరే' అన్న మొదటి మాట, ఆ తర్వాత కొన్ని సెకన్ల పాటు కీచుమనే ఈల వినిపించాయి. ఆ ఈలకు అర్థం 'మళ్లీ అడుగు' అని. అడగలేదు. రెండు జంబోలూ గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఆ తర్వాత విమాన భాషనే సరిదిద్దారు. ఎగరడానికి నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడూ, ఇచ్చినదాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప 'టేకాఫ్' అన్న మాట నోట రాకూడదు. చెప్పిన అనుమతిని పైలట్ తిరిగి అప్పజెప్పాలి. పార్కులో మేం విన్న ప్రతి సంభాషణలో పైలట్ చెప్పినమాటే చిలకలా మళ్లీ చెబుతుంటే మావాడికి నవ్వొచ్చింది. నేను అప్పుడే టెనెరిఫే కథ చెప్పలేదు. ఎందుకలా చెప్పాలో మాత్రం చెప్పాను.

రైళ్లు వినడం నాకు ఇంకా దగ్గరి విషయం. మా నాన్నగారు చిన్న స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు. గూడ్సు బండి ఆగకుండా పోతుంటే ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడేవారు. చిన్నప్పుడు అది మర్యాద కోసం అనుకునేవాణ్ని. నిజానికి ఆయన ప్రతి చక్రాన్నీ చూస్తుండేవారు. ఇరుసు బేరింగు వేడెక్కి పొగ వస్తోందా, ఏదైనా కిందికి వేలాడుతోందా, తలుపు తెరుచుకుందా? అన్నీ బాగుంటేనే గార్డుకు పచ్చజెండా. వేడెక్కిన ఇరుసును మన రైల్వేవాళ్లు హాట్ యాక్సిల్ అంటారు. అది ముదిరితే ఇరుసు విరిగి బండి పట్టాలు తప్పుతుంది.

అమెరికా సెంట్రల్ వ్యాలీలో, పట్టాల వెంట సాగే రోడ్డు మీద కారు ఆపుకుని రేడియో తిప్పుతుంటే, మా నాన్నగారి పని చేస్తున్న యంత్రం గొంతు వినపడింది. అక్కడి రైల్వేల మాటలు 160, 161 మెగాహెర్ట్జ్‌లలో వస్తాయి. పట్టాల పక్కన పెట్టె ఒకటి ఉంటుంది. బండి దాని ముందు నుంచి పోతుంటే ఇరుసుల నుంచి వచ్చే పరారుణ కిరణాల్ని కొలుస్తుంది. బండి పూర్తిగా దాటగానే అదే రేడియోలో మాట్లాడుతుంది: ఏ రైల్వే, ఎన్నో మైలు, ఏ ట్రాక్, లోపాలేమీ లేవు, మొత్తం ఇన్ని ఇరుసులు. యంత్రపు గొంతు, ఎక్కడా ఎత్తుపల్లాలుండవు. మనిషి లేని మైదానంలో ఆ మాట విన్నప్పుడు నాకు ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ నాన్నగారు గుర్తొచ్చి కాసేపు కారు కదిలించలేకపోయాను.

ఆ పెట్టె హద్దు ఎక్కడో కూడా తెలుసుకోవాలి. 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్తీన్ దగ్గర గూడ్సు బండి పట్టాలు తప్పింది, విషరసాయనాలు తగలబడ్డాయి. దర్యాప్తులో తేలింది ఇది: మొదటి పెట్టె దగ్గర ఆ బేరింగు చుట్టుపక్కల గాలి కంటే 38 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ వేడిగా ఉంది. రెండో దాని దగ్గర 103. మూడో దాని దగ్గర 253. అప్పుడు పెట్టె డ్రైవర్లను హెచ్చరించింది, వాళ్లు బ్రేకులు వేశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. చివరి రెండు పెట్టెల మధ్య దూరం దాదాపు 20 మైళ్లు. అంత దూరంలో మన దగ్గరైతే ఒకటి రెండు స్టేషన్లు తగిలేవి. పచ్చజెండా పట్టుకున్న మనిషి ఒకరు చూసేవారు. ఈ పోలికను నేను తేలిగ్గా అనడం లేదు. యంత్రానికి కన్ను చురుకైనదే. ఎన్ని కళ్లు, ఎంతెంత దూరంలో పెట్టాలన్నది మనుషులు తేల్చాల్సిన సంగతి.

వాతావరణ రేడియో గురించి రెండు మాటలు చాలు. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఏడు ఫ్రీక్వెన్సీల్లో అమెరికా అంతటా వెయ్యికి పైగా ట్రాన్స్‌మిటర్లు రాత్రింబగళ్లు వాతావరణమే చెబుతుంటాయి. గాలి ఎటు, అలల ఎత్తు ఎంత, పొగమంచు ఎప్పుడు విడుతుంది అన్నీ వస్తాయి. తుఫాను హెచ్చరిక వస్తే ముందు 1050 హెర్ట్జ్ కూత పంపిస్తాయి. ప్రత్యేకంగా తయారుచేసిన రిసీవర్లు దాన్ని గుర్తుపట్టి నిద్రలో ఉన్నవారిని లేపుతాయి. మొబైల్ టవర్లు కూలిన రాత్రి కూడా బ్యాటరీతో పనిచేసే ఇలాంటి గొంతు తుఫానుల తీరమున్న మనకూ ప్రతి మత్స్యకార గ్రామంలో ఉండాలని నా గట్టి కోరిక.

వినడానికి హద్దులున్నాయి. అమెరికాలో ఈ మాటలు వినడం చాలావరకు నేరం కాదు. విన్నదాన్ని సొంత లాభానికి వాడటం నేరం. 1986 చట్టం సెల్‌ఫోన్ మాటలు వినడాన్ని నిషేధించింది. కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. పోలీసు మాటల్ని చాలా నగరాలు రహస్య సంకేతాల్లోకి మార్చేశాయి. వాటి జోలికి నేను పోను. ఒకరి ఆపద మనకు కాలక్షేపం కాకూడదు. మన దేశంలో చట్టం ఇంకా కఠినం. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే తప్పని 1933 నాటి చట్టం చెప్పింది. ఇప్పుడు వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతుల పద్ధతినే కొనసాగించింది. కాబట్టి ఇక్కడ స్కానర్‌తో తిరగమని ఎవరికీ చెప్పను. మామూలు రేడియో ఉంది. హామ్ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునే దారి ఉంది. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా ఆ పరీక్ష రాయవచ్చు.

హామ్ రేడియోలో మన తెలుగు నేలకు గర్వకారణమైన సంగతి ఒకటుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. ఆ దీవుల నుంచి హామ్ సంకేతాలు వినపడటం అప్పట్లో అరుదు. వాటిని పట్టుకోవాలని ప్రపంచమంతటా హామ్‌లు ఎదురుచూసేవారు. ఆ సరదా పని మీదే వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగా డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. దీవులకు ఫోన్లు తెగిపోయాయి. అప్పటిదాకా పలకరింపులు పంపిన యాంటెన్నాల మీదుగానే, ఫలానావారు క్షేమం అన్న కబుర్లు ప్రధాన భూభాగానికి చేరాయి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మళ్లీ ఫోర్ట్ పాయింట్‌కి వెళ్లాను. ఈసారి అమ్మాయి వెళ్దామనలేదు. తీగలో రెండో కొస తన చెవిలో పెట్టుకుంది. మళ్లీ పొగమంచే. వంతెనకు పశ్చిమాన పదకొండు మైళ్ల దూరంలో, బహిరంగ సముద్రంలో, వచ్చే ప్రతి పెద్ద ఓడ మీదికీ ఈ ఊరి బార్ పైలట్ ఒకరు ఎక్కుతారు. 1850 నుంచీ జరుగుతున్న పని ఇది. ఓడ ఆగదు. పక్కన చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంటుంది. అలకు పడవ పైకి లేచిన క్షణం చూసుకుని, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకోవాలి.

పడవవాళ్లు ఓడతో మాట్లాడుతున్నారు. నిచ్చెన ఎడమ పక్కన వేయమన్నారు, నీటికి ఒక మీటరు పైన. గాలి ఆ పక్కన తగలకుండా ఓడను కొంచెం తిప్పమన్నారు. ఓడ నుంచి ఏ దేశపు యాసో తెలియని గొంతు ఒక్కో మాటా తిరిగి చెప్పింది: ఎడమ పక్క, ఒక మీటరు. తర్వాత కాసేపు ఏమీ లేదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. బూరలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. అప్పుడు పద్నాలుగో ఛానల్‌లో కొత్త గొంతు, కొంచెం ఆయాసపడుతూ, ఓడ పేరు చెప్పి, పైలట్ ఎక్కాడని చెప్పింది.